చమురు చింత తీరితే అయస్కాంతాల చింత: స్వచ్ఛ ఇంధనం వెంట వస్తున్న కొత్త పరాధీనత

2025 ఏప్రిల్ 4న చైనా ఒక ప్రకటన జారీ చేసింది. అందులో ఏడు మూలకాల పేర్లున్నాయి: సమేరియం, గాడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం, లుటేషియం, స్కాండియం, యిట్రియం. వీటినీ, వీటిని కలిపి చేసే అయస్కాంతాలనూ ఇకపై దేశం దాటించాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలన్నది దాని సారాంశం. ఎగుమతి నిషేధిస్తున్నామని ఎక్కడా అనలేదు. అయినా కార్ల మోటార్లలో వాడే ఆ అయస్కాంతాలు అందక మే నెలలో ఫోర్డ్ కంపెనీ షికాగోలోని ఎక్స్‌ప్లోరర్ కార్ల కర్మాగారాన్ని వారం పాటు మూసేసుకుంది. జపాన్‌లో సుజుకీ స్విఫ్ట్ కార్ల తయారీ కొన్నాళ్లు ఆపింది. మన దేశంలో మారుతీ సుజుకీ తన తొలి విద్యుత్ కారు ఈ-విటారా ఉత్పత్తి లక్ష్యాన్ని ఏప్రిల్-సెప్టెంబరు కాలానికి దాదాపు 26,500 నుంచి 8,200కు కుదించుకున్నట్టు వార్తలు వచ్చాయి.

ఎండను, గాలిని ఎవరూ ఆపలేరు కాబట్టి సౌర, పవన విద్యుత్తుకు, విద్యుత్ వాహనాలకు మారితే పరాయి దేశాల మీద ఆధారపడే బాధ తప్పుతుందని చాలా ఏళ్లుగా వింటున్నాం. ఈ మాటలో నిజం చాలా ఉంది. అయితే ఎండను కరెంటుగా మార్చే పలకా, కరెంటును కదలికగా మార్చే మోటారూ ఎక్కడో ఒకచోట తయారు కావాలి. ఆ ‘ఎక్కడో ఒకచోట’ చాలా వరకు ఒకే దేశమైతే ఏమవుతుంది? ఈ చిక్కును ఒక్కో పొర విప్పుతూ చూద్దాం. ఉదాహరణకు మొదట అయస్కాంతాన్నే తీసుకుంటాను. స్వచ్ఛ ఇంధనంలోని మిగతా వస్తువుల కథలోనూ ఇవే మలుపులు కనిపిస్తాయి.

చమురు నేర్పిన భయం

కావలసినంత ఇంధనం, కావలసినప్పుడు, భరించగల ధరకు అందుతూ ఉండటాన్ని ఇంధన భద్రత అంటారు. ఇరవయ్యో శతాబ్దమంతా ఈ మాటకు అర్థం దాదాపుగా చమురే. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు ఇజ్రాయెల్‌కు అండగా నిలిచినవారికి చమురు ఆపేశాయి. కొన్ని నెలల్లోనే పీపా ధర సుమారు 3 డాలర్ల నుంచి 12 డాలర్ల దరిదాపులకు చేరింది. ఆనాటి నుంచి పెద్ద దేశాల విదేశాంగ విధానాన్ని ఆ అనుభవం వెంటాడుతూనే ఉంది. ప్రపంచం వాడే చమురులో దాదాపు అయిదో వంతు ఇరాన్, ఒమన్‌ల మధ్యనున్న సన్నని హోర్ముజ్ జలసంధి గుండా వెళుతుంది. భారత్ వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. అక్కడ ఒక్క ఓడ మీద దాడి జరిగినా మన రూపాయి విలువ దగ్గర నుంచి కూరగాయల లారీ కిరాయి దాకా కదిలేది అందుకే.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐరోపా ఇదే పాఠాన్ని సహజవాయువు రూపంలో చదువుకుంది. అంతకుముందు ఏడాది ఐరోపా సమాఖ్య దిగుమతి చేసుకున్న వాయువులో 40 శాతానికి పైగా రష్యాదే. స్వచ్ఛ ఇంధనం అప్పటిదాకా పర్యావరణ శాఖల వ్యవహారం. ఆ తరువాత అది రక్షణ మంత్రుల సమావేశాల్లోకీ ప్రవేశించింది.

ఇంధనం కొనడం వేరు, యంత్రం కొనడం వేరు

‘ఖనిజాలే కొత్త చమురు’ అనే మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. దాన్ని ఒప్పుకునే ముందు ఒక చిన్న లెక్క వేసి చూడాలి.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే పెట్రోలు కారును తీసుకోండి. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 12 ఏళ్లలో అది 9,600 లీటర్ల పెట్రోలు తాగుతుంది. ఆ పెట్రోలు వారం వారం అందుతూ ఉండాలి. సరఫరా నిలిచిపోతే, దేశంలోని నిల్వలు అయిపోగానే రోడ్డు మీది బళ్లన్నీ ఆగిపోతాయి. అదే దూరం తిరిగే విద్యుత్ కారు మోటారులో అయస్కాంతం సుమారు 2 కిలోలు ఉంటుంది. దాన్ని కొనేది ఒక్కసారే. రేపు అయస్కాంతాల సరఫరా పూర్తిగా ఆగినా నిన్న కొన్న కారు ఎప్పటిలాగే తిరుగుతుంది. కారు పాడైపోయాక కూడా ఆ 2 కిలోలు మిగిలే ఉంటాయి, కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. సౌర పలక సంగతీ ఇంతే. ఒకసారి బిగిస్తే పాతికేళ్లు కరెంటు ఇస్తుంది. అమ్మినవాడు మరుసటి రోజు శత్రువైనా ఇంటిపైకి వచ్చి ఎండను ఆపలేడు.

చమురు కోత దేశం మొత్తాన్నీ వారాల్లోనే ఆపగలదు. అయస్కాంతాల కోత దెబ్బ కొత్త బళ్లు తయారుచేసే కర్మాగారాల మీద పడుతుంది. ప్రజల రోజువారీ ప్రయాణం సాగుతుంది, పరిశ్రమ ఎదుగుదల మాత్రం నిలిచిపోతుంది. భద్రత కోణంలో ఇది చాలా పెద్ద తేడా. స్వచ్ఛ ఇంధనం చమురు కన్నా క్షేమమని చెప్పేవారి వాదనలో అన్నిటికన్నా బలమైన అంశం ఇదేనని నా అభిప్రాయం.

అలాగని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. ఇంకో లెక్క చూడండి. ఉదాహరణకు 12 లక్షల రూపాయల కారులో 2 కిలోల అయస్కాంతం ఉందనీ, కిలో 8,000 రూపాయలనీ అనుకుందాం. అంటే 16,000 రూపాయలు, కారు ధరలో సుమారు 1.3 శాతం. అయస్కాంతం ధర ఒక్కసారిగా మూడు రెట్లయినా కారు మీద పడే అదనపు భారం 32,000 రూపాయలే. కంపెనీ దాన్ని ఎలాగోలా సర్దుకుంటుంది. కానీ అయస్కాంతమే దొరక్కపోతే? మిగిలిన 98 శాతానికి పైగా విలువ ఉన్న భాగాలు షెడ్డులో పడి ఉంటాయి, కారు బయటికి రాదు. 2025లో కార్ల కంపెనీలను కంగారు పెట్టింది ఈ దొరకని స్థితే. చమురు సంక్షోభాన్ని బంకు దగ్గర ధరలో కొలిచే అలవాటు ఉన్న మనకు ఇది తొందరగా కంటికి ఆనదు.

ఆ 2 కిలోల్లో ఏముంది?

ఇనుము, బోరాన్‌లకు నియోడిమియం అనే మూలకాన్ని కలిపితే చాలా చిన్న పరిమాణంలోనే విపరీతమైన బలమున్న శాశ్వత అయస్కాంతం వస్తుందని 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ శాస్త్రవేత్త జాన్ క్రోట్ విడివిడిగా కనుగొన్నారు. మోటారు చిన్నదిగా, తేలికగా, తక్కువ కరెంటుతో ఎక్కువ బలం ఇచ్చేలా ఉండాలంటే ఇప్పటికీ దీన్ని మించినది మార్కెట్లో లేదు. అందులో బరువు ప్రకారం దాదాపు 30 శాతం నియోడిమియం, దానికి జంటగా ఉండే ప్రాసియోడిమియం. మోటారు వేడెక్కితే అయస్కాంత బలం పడిపోతుంది. పడిపోకుండా డిస్ప్రోసియం, టెర్బియం కొద్ది పాళ్లలో కలుపుతారు. చైనా జాబితాలో ఈ చివరి రెండూ ఉన్నాయి, నియోడిమియం లేదు. అంటే అది ఎంచి పట్టుకున్నది రాశిలో తక్కువైనా దొరకడం మరీ కష్టమైన భాగాన్ని.

ఈ మూలకాలన్నీ రేర్ ఎర్త్ అని పిలిచే 17 మూలకాల కుటుంబంలోవి. వీటిలో కొన్ని భూమి పొరల్లో బాగానే ఉన్నాయి. సీరియం రాగితో సమానంగా దొరుకుతుంది. అసలు చిక్కు ఇవి ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని, ఒకే ఖనిజంలో, ఒకే రసాయన స్వభావంతో ఉండటం దగ్గర ఉంది.

గని ఉంటే చాలదు

వేరు చేసే పద్ధతి ఇదీ. ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణాన్ని నీటిలో కలవని మరో సేంద్రియ ద్రావకంతో ఒక తొట్టిలో బాగా కలుపుతారు. కాసేపు వదిలేస్తే రెండూ నూనె, నీళ్ల మాదిరిగా పైనా కిందా తేరుకుంటాయి. ఒక మూలకం మరొకదానికన్నా కొంచెం ఎక్కువగా పై పొరలోకి చేరుతుంది. ఆ పొరను పక్క తొట్టిలోకి పంపి మళ్లీ అదే పని చేస్తారు.

‘కొంచెం ఎక్కువగా’ అంటే ఎంత? ప్రాసియోడిమియం, నియోడిమియం సమపాళ్లలో ఉన్నాయనీ, ఒక్కో దశలో వాటి నిష్పత్తి 1.5 రెట్లు మారుతుందనీ అనుకోండి. మొదటి దశ తరువాత స్వచ్ఛత 60 శాతం. పది దశలు దాటితే 98 శాతం. 99.9 శాతం రావాలంటే 18 దశలు పడతాయి. ఇది రెండే మూలకాలు ఉన్నప్పుడు, ఏదీ వృథా కాకుండా జరిగే ఆదర్శ లెక్క. నిజమైన కర్మాగారంలో పదిహేను దాకా మూలకాలుంటాయి, ప్రతిదాన్నీ రాబట్టాలి, వృథా కాకూడదు. అందుకని అక్కడ వందల తొట్లు వరసగా ఉంటాయి. ఆమ్లం గాఢత కాస్త తేడా వచ్చినా వరస మొత్తం గాడి తప్పుతుంది, మళ్లీ సర్దుకోవడానికి వారాలు పడుతుంది. ఇలాంటి పని పుస్తకం చదివి రాదు. ఏళ్ల తరబడి చేసినవారి చేతుల్లో ఉంటుంది.

పెకింగ్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త షు గ్వాంగ్‌షియాన్ 1970లలో ఈ దశల వరసను గణితంతో ముందుగానే లెక్కగట్టే సిద్ధాంతాన్ని రూపొందించారు. చైనా ఆధిక్యానికి పునాది అక్కడ పడింది. మిగతా పని మూడు దశాబ్దాల ఓపిక చేసింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం అయస్కాంతాలకు కావలసిన రేర్ ఎర్త్ మూలకాల తవ్వకంలో చైనా వాటా సుమారు 60 శాతం, శుద్ధిలో సుమారు 90 శాతం, శాశ్వత అయస్కాంతాల తయారీలో 94 శాతం. కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ పట్టు బిగుస్తోంది. వడ్లు పది ఊళ్లలో పండినా మిల్లు ఒక్కడిదే అయితే బియ్యం ధర చెప్పేది ఆ మిల్లు యజమానే. ఖనిజం ఎవరి నేలలో ఉందన్న ప్రశ్న కన్నా, దాన్ని వస్తువుగా మార్చే పని ఎవరికి వచ్చన్న ప్రశ్న ముఖ్యమైనది అందుకే.

సౌర పలకల తయారీలోనూ ప్రతి దశలో చైనా వాటా 80 శాతం పైనే. బ్యాటరీల్లో వాడే గ్రాఫైట్ శుద్ధిలో 90 శాతానికి పైమాటే.

మురికి పని ఎవరు చేస్తారు?

చైనా ఈ స్థానాన్ని లాక్కుందా, లేక మిగతావాళ్లే వదులుకున్నారా? రెండూ జరిగాయి. కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని 1980ల దాకా ప్రపంచానికి ప్రధాన వనరు. అక్కడి మురుగునీటి గొట్టాలు పగిలి వివాదాలు రావడం, చైనా చౌక సరుకుతో పోటీ పడలేకపోవడం రెండూ కలిసి 2002లో అది ఆగింది. నియోడిమియం అయస్కాంతాన్ని కనిపెట్టిన జనరల్ మోటార్సే తన అయస్కాంతాల విభాగాన్ని 1995లో చైనా కంపెనీలు భాగస్వాములుగా ఉన్న బృందానికి అమ్మేసింది. తరువాత ఆ తయారీ చైనాకు తరలిపోయింది. అప్పట్లో దీన్ని తెలివైన వ్యాపార నిర్ణయమనే అనుకున్నారు.

రేర్ ఎర్త్ ఖనిజాల్లో థోరియం వంటి రేడియోధార్మిక పదార్థాలు కలిసి ఉంటాయి. ఆమ్లాలతో శుద్ధి చేశాక మిగిలే బురదను తరాల పాటు భద్రపరచాలి. ఇన్నర్ మంగోలియాలోని బావోటౌ నగరం పక్కన అలాంటి వ్యర్థాల చెరువు ఉంది. చుట్టుపక్కల పల్లెల నేలా నీరూ దాని బారిన పడ్డాయి. ధనిక దేశాలు దశాబ్దాల పాటు చౌక అయస్కాంతాలు కొనుక్కుని ఆ చెరువు తమ దేశంలో లేనందుకు సంతోషించాయి. ఇప్పుడు ‘చైనా గుత్తాధిపత్యం’ అంటున్నవారు ఆ ధరలో కలవని ఈ ఖర్చు గురించీ మాట్లాడాలి.

చైనా కూడా ఈ భారాన్ని కొంత పొరుగింటికి నెట్టింది. డిస్ప్రోసియం, టెర్బియం ఖనిజంలో పెద్ద భాగం కొన్నేళ్లుగా ఉత్తర మయన్మార్‌లోని కచిన్ రాష్ట్రం నుంచి వస్తోంది. కొండలకు రంధ్రాలు వేసి రసాయనాలు పోసి కింద ద్రావణాన్ని పట్టే పద్ధతి అక్కడిది. 2024 అక్టోబరులో కచిన్ తిరుగుబాటు సైన్యం ఆ గనుల ప్రాంతాన్ని చేజిక్కించుకుంది. అంటే మన వీధిలో తిరిగే విద్యుత్ స్కూటరు మోటారు దాకా వచ్చే సరఫరా దారిలో ఒక అంతర్యుద్ధం కూడా ఉంది.

2010లో జపాన్‌కు తగిలిన దెబ్బ

2025లో జరిగినది మొదటిసారేమీ కాదు. 2010 సెప్టెంబరులో, తూర్పు చైనా సముద్రంలో రెండు దేశాలూ తమవేనంటున్న సెంకాకు దీవుల దగ్గర చైనా చేపల పడవ జపాన్ తీర రక్షక నౌకలను ఢీకొంది. జపాన్ ఆ పడవ కెప్టెన్‌ను నిర్బంధించింది. కొద్ది రోజుల్లోనే జపాన్‌కు రేర్ ఎర్త్ సరుకు రావడం ఆగింది. తాము ఏ నిషేధమూ పెట్టలేదని చైనా ప్రభుత్వం అంది. ఆ తరువాతి ఏడాది ధరలు ఆకాశాన్నంటాయి.

జపాన్ చేసిన పనులు గమనించదగ్గవి. ఆస్ట్రేలియా కంపెనీ లైనాస్‌లో ప్రభుత్వ సంస్థ ద్వారా 2011లో 25 కోట్ల డాలర్లు పెట్టి దీర్ఘకాల సరఫరా ఒప్పందం చేసుకుంది. అయస్కాంతంలో డిస్ప్రోసియం పాలు తగ్గించే పరిశోధనకు డబ్బు ఇచ్చింది. అమెరికా, ఐరోపాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేస్తే 2014లో తీర్పు చైనాకు వ్యతిరేకంగా వచ్చింది, మరుసటి ఏడాది చైనా ఎగుమతి కోటాలు ఎత్తేసింది. రేర్ ఎర్త్ కోసం జపాన్ చైనా మీద ఆధారపడటం దాదాపు 90 శాతం నుంచి 60 శాతం దరిదాపులకు తగ్గింది.

ఈ కథను రెండు రకాలుగా చదువుతున్నారు. సరఫరాను ఆయుధంగా వాడితే అది మొద్దుబారుతుందని, అవతలివాడు వేరే దారి వెతుక్కుంటాడని కొందరంటారు. పట్టుదల, డబ్బు, సాంకేతికత మూడూ ఉన్న జపాన్‌కే పదేళ్లకు పైగా పట్టి, ఇంకా 60 శాతం మిగిలిందంటే మిగతావారి గతి ఏమిటని మరికొందరంటారు. నాకు రెండో వాదన బరువుగా తోస్తుంది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. 2010 భయంతో మౌంటెన్ పాస్‌ను తిరిగి తెరిచిన మోలికార్ప్ కంపెనీ, ధరలు పడిపోగానే 2015లో దివాలా తీసింది. ప్రత్యామ్నాయం తలెత్తినప్పుడల్లా ధర పడి అది మునిగిపోయే మార్కెట్ ఇది. అందుకే 2025 జులైలో అమెరికా రక్షణ శాఖ, ఇప్పుడు ఆ గనిని నడుపుతున్న ఎంపీ మెటీరియల్స్‌లో 40 కోట్ల డాలర్ల వాటా తీసుకోవడంతో ఆగలేదు. నియోడిమియం-ప్రాసియోడిమియం కిలోకు 110 డాలర్ల కనీస ధర పదేళ్ల పాటు అందేలా హామీ ఇచ్చింది. స్వేచ్ఛా మార్కెట్టే సర్వరోగ నివారిణి అని లోకానికి బోధించిన దేశం కనీస మద్దతు ధర ఇవ్వడం మామూలు మలుపు కాదు.

ఒక సంతకం కోసం

చైనా 2025లో వాడిన సాధనం 2010 నాటికన్నా చాలా పదునైనది. భారతీయ వాహన విడిభాగాల కంపెనీకి అయస్కాంతాలు కావాలంటే, వాటిని ఆయుధాల తయారీలో వాడబోమని, వేరేవారికి పంపబోమని తుది వినియోగదారు ధ్రువపత్రం ఇవ్వాలి. దాన్ని మన ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఢిల్లీలోని చైనా రాయబార కార్యాలయం ఆమోదించాలి. ఆ కాగితాలు చైనాలోని అమ్మకందారుకు చేరాలి. ఆయన అక్కడి వాణిజ్య శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. 2025లో ఏ దశలోనూ ఎవరూ కాదనలేదు, కానీ నెలల పాటు సరుకు రాలేదు. పైగా ఏ దేశంలో ఏ కంపెనీ ఏ అయస్కాంతాన్ని ఎంత, ఎందుకు వాడుతోందో వివరంగా తెలిసేది లైసెన్సు ఇచ్చే దేశానికే.

అక్టోబరు 9న చైనా ఇంకో అడుగు వేసింది. విదేశాల్లో తయారైన వస్తువులోనైనా సరే, చైనా మూలం ఉన్న ఈ పదార్థాల విలువ 0.1 శాతానికి మించితే తన అనుమతి కావాలంది. అదే నెల 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక ఈ కొత్త నిబంధనలను 2026 నవంబరు 10 దాకా నిలిపివేసింది. ఏప్రిల్ నాటి లైసెన్సు విధానం మాత్రం రద్దు కాలేదు.

చైనా వాదన కూడా వినాలి. సైనికంగానూ పనికొచ్చే వస్తువుల ఎగుమతిని అదుపులో పెట్టడం ఏ దేశానికైనా ఉన్న హక్కని అది అంటుంది. 2022 అక్టోబరులో అమెరికా అధునాతన కంప్యూటర్ చిప్‌లను చైనాకు అందకుండా చేసింది. మూడో దేశంలో తయారైనా తన సాంకేతికత ఉంటే తన చట్టం వర్తిస్తుందన్న సూత్రం మొదట వాడింది అమెరికాయే, అక్టోబరు నిబంధన దాని ప్రతిబింబమని చైనా నిపుణులు చెబుతారు. ఈ పోలికలో తప్పు పట్టడం కష్టం. మధ్యలో నలిగేది మాత్రం ఈ గొడవతో సంబంధం లేని దేశాలు. మన స్కూటర్ల కంపెనీలు ఏ క్షిపణీ తయారు చేయవు.

ఆ అయస్కాంతాలు క్షిపణుల్లోనూ ఉంటాయన్నది మాత్రం నిజమే. ఒక్క ఎఫ్-35 యుద్ధ విమానంలో 400 కిలోలకు పైగా రేర్ ఎర్త్ పదార్థాలుంటాయని అమెరికా కాంగ్రెస్ పరిశోధన విభాగం నివేదికలు పేర్కొన్నాయి. అందుకే కార్ల గొడవ ఎప్పుడూ కార్ల దగ్గర ఆగదు.

అన్ని ఖనిజాలూ ఒకటి కావు

కాంగో అనుభవం దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ ప్రపంచంలో తవ్వేదానిలో దాదాపు 70 శాతం ఆ ఒక్క దేశానిదే. ధర పడిపోతోందని 2025 ఫిబ్రవరిలో ఎగుమతులు ఆపింది, అక్టోబరు నుంచి కోటాలు పెట్టింది. ధర పెరిగింది కూడా. కానీ ప్రపంచంలో విద్యుత్ కార్లేమీ ఆగలేదు. ఎందుకంటే కోబాల్ట్, నికెల్ రెండూ అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు అప్పటికే విద్యుత్ వాహనాల మార్కెట్లో సగం దాకా ఆక్రమించాయి. కోబాల్ట్ ధరలు, బాల కార్మికుల వివాదాలు చూసి కంపెనీలు ముందే తప్పుకోవడం మొదలుపెట్టాయి. ప్రత్యామ్నాయం దొరికిన చోట గని యజమాని బలం కరిగిపోతుంది. అయితే ఆ కొత్త రకం బ్యాటరీల తయారీ దాదాపు పూర్తిగా చైనా చేతిలోనే ఉంది. కాంగో మీది ఆధారం తగ్గించుకున్నవారు చైనా మీద ఇంకాస్త ఆధారపడ్డారు.

ఇండొనేసియా తీరు వేరు. 2020 జనవరిలో ముడి నికెల్ ఖనిజం ఎగుమతిని నిషేధించి, కావాలంటే ఇక్కడికొచ్చి కర్మాగారం పెట్టండని చెప్పింది. పెట్టినవి చాలా వరకు చైనా కంపెనీలే. ఇప్పుడు ప్రపంచ నికెల్‌లో సగానికి పైగా అక్కడి నుంచే వస్తోంది. ఐరోపా సమాఖ్య దీన్ని వాణిజ్య నిబంధనల ఉల్లంఘన అంటుంది. మా నేలను తవ్వి మట్టి ధరకు పట్టుకెళ్లే రోజులు పోయాయని ఇండొనేసియా అంటుంది. వలస పాలన చూసిన దేశాల పౌరులకు ఈ రెండో మాట వెంటనే మనసుకెక్కుతుంది. ఆ నికెల్‌ను శుద్ధి చేయడానికి బొగ్గు విద్యుత్ కేంద్రాలు కట్టారన్నది కూడా చెప్పుకోవాలి.

మోటార్లలోనూ ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. రెనో, బీఎండబ్ల్యూ కొన్ని కార్లలో శాశ్వత అయస్కాంతం లేని మోటార్లు వాడుతున్నాయి. మన స్కూటర్ల కంపెనీలు ఇనుము ఆక్సైడ్‌తో చేసే, రేర్ ఎర్త్ అక్కర్లేని ఫెర్రైట్ అయస్కాంతాల వైపు చూస్తున్నాయి. బలం తక్కువ కాబట్టి మోటారు బరువు పెరుగుతుంది. స్కూటరుకు సరిపోయినా సముద్రంలో నిలిపే పెద్ద గాలిమరకు కష్టం. వాటిలో కొన్ని రకాలకు ఒక్కో మెగావాట్‌కు సుమారు 600 కిలోల అయస్కాంతాలు పడతాయి.

తీగ చివర ఎవరున్నారు?

భద్రతలో సరుకు ఆగిపోవడంతో సంబంధం లేని ముప్పు ఇంకొకటి ఉంది. సౌర పలక ఇచ్చే కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చేది ఇన్వర్టర్. ఇప్పటి ఇన్వర్టర్లు ఇంటర్నెట్‌కు కలిసి ఉంటాయి, తయారీదారు దూరం నుంచే సాఫ్ట్‌వేర్ మార్చగలడు. లక్షల ఇన్వర్టర్లను ఒకేసారి ఆపగల మీట పరాయి దేశంలో ఉంటే గ్రిడ్ గతి ఏమిటన్నది అనుమానం. లిథువేనియా 2024లో చట్టం చేసి, 100 కిలోవాట్లకు మించిన సౌర, పవన, నిల్వ కేంద్రాలను చైనా కంపెనీలు దూరం నుంచి నియంత్రించకుండా అడ్డుకట్ట వేసింది. 2015 డిసెంబరులో సైబర్ దాడితో ఉక్రెయిన్‌లో రెండు లక్షల మందికి పైగా వినియోగదారులకు కరెంటు పోయింది కాబట్టి ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అదే ఉక్రెయిన్‌లో రష్యా క్షిపణులు పెద్ద విద్యుత్ కేంద్రాలను ధ్వంసం చేస్తున్నప్పుడు, ఆసుపత్రుల పైకప్పుల మీది సౌర పలకలూ బ్యాటరీలూ పని చేస్తూనే ఉన్నాయి. వెయ్యి చోట్ల ఉన్న దాన్ని బాంబు వేసి కూల్చలేరు. ఒకే సాఫ్ట్‌వేర్‌తో నడిచే దాన్ని మాత్రం ఒకే మీటతో ఆపవచ్చు.

అచ్యుతాపురం నుంచి చూస్తే

అమెరికా భూగర్భ పరిశీలన సంస్థ అంచనా ప్రకారం రేర్ ఎర్త్ నిల్వల్లో చైనా, బ్రెజిల్ తరువాతి స్థానం భారత్‌దే, సుమారు 69 లక్షల టన్నులు. వీటిలో ముఖ్యమైన మోనజైట్ ఖనిజం మన తీరపు ఇసుకల్లో ఉంది. భీమునిపట్నం, కళింగపట్నం, భావనపాడు నిక్షేపాల పేర్లు ఆంధ్రప్రదేశ్‌లో దశాబ్దాలుగా వినిపిస్తున్నాయి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి అణుశక్తి చట్టాల కింద అది ప్రభుత్వ అదుపులోనే ఉంటుంది. తవ్వకమంటే తీరంలో వేట మీద బతికే కుటుంబాల జీవనాధారం, తీర నియంత్రణ నిబంధనలు ముందుకొస్తాయి. కన్యాకుమారి తీరంలో మత్స్యకారుల నిరసనలు చూశాం. బావోటౌ చెరువు గురించి తెలిశాక ఆ నిరసనలను అభివృద్ధికి అడ్డంకి అని తీసిపారేయడం న్యాయం కాదు.

ప్రభుత్వ రంగంలోని రేర్ ఎర్త్ కంపెనీ ఐఆర్ఈఎల్ ఒడిశాలోని ఛత్రపూర్‌లో ఖనిజాన్ని శుద్ధి చేసే తొలి దశ పని చేస్తుంది. 2012 నాటి భారత్-జపాన్ ఒప్పందం ప్రకారం అందులో కొంత విశాఖపట్నం దగ్గరి అచ్యుతాపురంలో టయోటా గ్రూపు సంస్థ నడిపే కర్మాగారానికి వచ్చి, అక్కడ వేరై, జపాన్‌కు వెళ్లేది. 2024లో అలా వెళ్లింది వెయ్యి టన్నులకు పైనే. మన దేశంలో దాన్ని అయస్కాంతంగా మార్చే పరిశ్రమ లేదు, కనుక అమ్మడంలో ఆశ్చర్యం లేదు. 2025 జూన్‌లో ఆ ఎగుమతి ఆపమని ఐఆర్ఈఎల్‌కు ప్రభుత్వం సూచించినట్టు రాయిటర్స్ రాసింది. చైనా జపాన్‌కు చేసిన పనే, జపాన్‌ను నొప్పించకుండా మనం ఎలా చేస్తామన్న సందిగ్ధం ఇందులో ఉంది. జపాన్ మనకు మిత్రదేశం.

అయస్కాంతాల తయారీ మనకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. విశాఖపట్నంలో ఐఆర్ఈఎల్‌కు సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కేంద్రం ఉంది. 2023లో జాతికి అంకితమైన దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు, అదీ రక్షణ, అణు, అంతరిక్ష అవసరాలకు. నియోడిమియం అయస్కాంతాల సాంకేతికత మీద హైదరాబాద్‌లోని లోహ పదార్థాల పరిశోధన సంస్థ ఎన్ఎఫ్‌టీడీసీ కొన్నేళ్లుగా పని చేస్తోంది. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ సామర్థ్యం దాని లక్ష్యం.

ఆ లక్ష్యాన్ని ముందు చెప్పిన పాళ్లతో లెక్కేస్తే, 6,000 టన్నుల అయస్కాంతాలకు 30 శాతం చొప్పున 1,800 టన్నుల నియోడిమియం-ప్రాసియోడిమియం కావాలి. ఐఆర్ఈఎల్ 2026 మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరానికి పెట్టుకున్నట్టు వార్తల్లో వచ్చిన నియోడిమియం లక్ష్యం 450 టన్నులు. 2030 నాటికి దాన్ని రెట్టింపు చేసినా 900 టన్నులు, అవసరంలో సగం. డిస్ప్రోసియం, టెర్బియం మన మోనజైట్‌లో బహు స్వల్పం. కాబట్టి కర్మాగారాలు అనుకున్న వేళకు లేచినా మిగిలిన సగం కోసం ఆస్ట్రేలియా వైపో, బ్రెజిల్ వైపో, మళ్లీ చైనా వైపో చూడాలి. లేదా పాత మోటార్లు, హార్డ్ డిస్కుల నుంచి తిరిగి రాబట్టుకోవాలి. అదీ కాదంటే భీమిలి నుంచి భావనపాడు దాకా ఉన్న ఇసుకను ఎంత, ఎలా, ఎవరి అంగీకారంతో తవ్వాలన్న ప్రశ్న ఆ తీరపు పంచాయతీల ముందుకు వస్తుంది.